పిల్లికి తామర సోకితే: ఎలా అంటుతుంది, ఎలా నయం చేయాలి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, సముద్రం వైపు బరంపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో వానలు పట్టుకున్నాక పిల్లుల చెవుల మీద, ముక్కు పక్కన, ముందుకాళ్ల మీద వెంట్రుకలు రాలి గుండ్రటి మచ్చలు పడటం మామూలే. చాలామంది దాన్ని గజ్జి అనుకుంటారు. మెడికల్ షాపుకెళ్లి మనుషుల తామర ట్యూబు తెచ్చి రాస్తారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది, ఈసారి ఇంట్లో పిల్లల మెడ మీద కూడా ఎర్రటి చక్రాలు తేలతాయి. అప్పుడిక పిల్లిని గోనెసంచిలో వేసి చేపల బజారు దగ్గర వదిలేస్తారు.

దయచేసి అలా చేయకండి. పిల్లి తామర పూర్తిగా నయమయ్యే జబ్బు. కాకపోతే మూడు పనులు ఒకేసారి జరగాలి: ఒంటికి మందు, లోపలికి మందు, ఇల్లు శుభ్రం చేయడం. మూడింట్లో ఏది మానేసినా జబ్బు చుట్టూ తిరిగి మళ్లీ మీ ఇంటికే వస్తుంది.

ఎక్కడి నుంచి అంటుకుంటుంది

తామర పురుగు వల్ల వచ్చేది కాదు, ఫంగస్ వల్ల వచ్చేది. పిల్లుల్లో ఎక్కువగా కనిపించే రకం పేరు మైక్రోస్పోరమ్ కేనిస్. వెంట్రుకల్లో, గోళ్లలో, చర్మం పైపొరలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్ దీని తిండి. ఇది పట్టిన వెంట్రుక పెళుసై విరుగుతుంది. ఆ తుంపుల మీద కంటికి కనిపించనంత చిన్న బీజాలు ఉంటాయి. పొడిగా ఉన్న చోట ఆ బీజాలు ఏడాదిన్నర దాకా బతికి ఉండగలవు. అయితే అవి మీ గోడల మీదా నేల మీదా పెరగలేవు, పెరగాలంటే ప్రాణి ఒళ్లు కావాల్సిందే. అందుకే రాలిన వెంట్రుకలను ఏరి పారేస్తే ఇల్లు బాగుపడుతుంది. వానాకాలం గోడలకు పట్టే నల్లబూజుకూ దీనికీ సంబంధం లేదు.

ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి అంటడమే ఎక్కువ. కలిసి పడుకున్నా, కొట్టుకున్నా, ఒకే దువ్వెన వాడినా, ఒకే బుట్టలో తీసుకెళ్లినా సోకుతుంది. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో కొని తెచ్చుకునే పర్షియన్ జాతి పిల్లుల విషయంలో మరీ జాగ్రత్త. ఆ పొడుగు బొచ్చు కింద మచ్చ దాగిపోతుంది. కొన్నిసార్లు అసలు మచ్చే లేకుండా బీజాలు మోసుకొస్తాయి.

మన పల్లెల్లో ఇంకో మూడు దారులున్నాయి. ధాన్యం పురుల దగ్గర ఎలుకలను పట్టే పిల్లికి వాటి ఒంటి మీది ట్రైకోఫైటాన్ అనే ఫంగస్ అంటవచ్చు. దీని మచ్చలు తరచూ మూతి మీద, ముందుకాళ్ల మీద మొదలవుతాయి, ఎలుకను పట్టేది వాటితోనే కదా. పెరట్లో మట్టి తవ్వే పిల్లికి మట్టిలోనే బతికే ఇంకో రకం అంటవచ్చు. ఆవుదూడలకు మెడ మీద, కళ్ల చుట్టూ బూడిదరంగు పొలుసుల మచ్చలు ఉన్న పశువులశాలలో గడ్డి మీద పడుకునే పిల్లికీ ప్రమాదం ఉంది. పిల్లికి మందు వేస్తూ దూడను పట్టించుకోకపోతే పని సగమే అయినట్టు.

బీజం ఒంటి మీద పడినంత మాత్రాన జబ్బు రాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి ఒళ్లు నాక్కుంటూనే చాలా బీజాలను వదిలించుకుంటుంది. చర్మం నానినా, గోటిగాట్లు పడినా, గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీలు అనే ఎగిరే పురుగులు) కుట్టినా దారి దొరుకుతుంది. అందుకే వానాకాలం, తుపానుల కాలం చెడ్డవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పటి పరిస్థితి గుర్తుంటే అర్థమవుతుంది: ఎక్కడ చూసినా తడి, వీధి పిల్లులన్నీ దొరికిన ఒక్క పొడి మూలలో ఒకదాని మీద ఒకటి. కూనలు, ముసలివి, తిండి చాలనివి, వేరే జబ్బులతో నీరసించినవి ముందు పడతాయి.

బీజం అంటిన ఒకటి నుంచి మూడు వారాలకు మచ్చ కనిపిస్తుంది. కాబట్టి మచ్చ చూసిన రోజు, గడిచిన మూడు వారాల్లో ఏం మారిందో గుర్తు చేసుకోండి. కొత్త పిల్లి వచ్చిందా, ఊరెళ్తూ ఎవరింట్లోనైనా వదిలారా, చుట్టాల పిల్లలెవరైనా ఒంటి మీద చక్రాలతో వచ్చారా. ఈ జవాబు డాక్టరుకు చాలా ఉపయోగపడుతుంది.

ముందు తామరేనా అని చూడండి

పగటి వెలుగులో కూర్చుని వెంట్రుకలు విడదీసి చూడండి. తామరలో వెంట్రుకలు మొదళ్ల దగ్గర విరిగి ఉంటాయి, చర్మం మీద బూడిద చల్లినట్టు పొలుసులు ఉంటాయి, దురద తక్కువ. చెవులు, ముఖం, కాళ్లు, తోక చివర తరచుగా కనిపించే చోట్లు. గోళ్లు పెళుసై వంకర పోవచ్చు.

చెవి అంచుల మీద గట్టి పొక్కులు కట్టి, అవి తల మీదికి, మెడ మీదికి పాకుతూ, పిల్లి రక్తం వచ్చేలా గోక్కుంటుంటే అది గజ్జి అయి ఉండవచ్చు. దానికి కారణం చర్మంలో తొలుచుకుపోయే సూక్ష్మ పురుగు, మందు పూర్తిగా వేరు. నడుము మీద, తోక మొదట్లో వెంట్రుకలు పోయి నల్లటి రవ్వలు కనిపిస్తే, ఆ రవ్వలను తడి తెల్లగుడ్డ మీద రుద్దండి. ఎర్రగా మారితే అవి గోమార్ల రెట్టలు. పొట్ట మీద వెంట్రుకలు పోయి చర్మం మాత్రం నున్నగా శుభ్రంగా ఉంటే, టెన్షన్‌తోనో దురదతోనో పిల్లి అతిగా నాక్కుంటోందేమో చూడాలి. రెండు మూడు జబ్బులు ఒకే పిల్లికి కలిసి ఉండటమూ ఉంది, కాబట్టి చూడగానే తేల్చేయకండి.

ఒంటి మీద కనిపించే ప్రతి ఫంగస్ తామర కాదు. ముక్కు మీదో ముఖం మీదో మానని పుండు పడి చీము కారుతూ పెద్దదవుతుంటే స్పోరోట్రైకోసిస్ అనే జబ్బు కూడా అనుమానించాలి. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, ముళ్లల్లో ఉండే ఫంగస్ గాయం గుండా లోపలికి పోతుంది. ఆ పుండు నుంచి, పిల్లి గోళ్ల నుంచి మనుషులకూ సోకుతుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ముక్కు పైభాగం ఉబ్బి, ఒక పక్క నుంచే చీమిడి కారుతూ, తుమ్ములు ఆగకుండా ఉంటే క్రిప్టోకాకస్ కావచ్చు. పావురాల రెట్టల్లో, నీలగిరి చెట్ల దగ్గర దొరికే ఫంగస్ ఇది. పిల్లి గాలితో పీలిస్తే వస్తుంది, సాధారణంగా పిల్లి నుంచి మనిషికి అంటదు. కానీ కళ్లకు, మెదడుకు పాకుతుంది. ఈ రెండింటికీ నెలల తరబడి మందు పడుతుంది, ఇంటి వైద్యం అస్సలు పనికిరాదు.

డాక్టరు దగ్గర

ప్రభుత్వ పశువైద్యశాలలో ఎక్కువగా చూసేది ఆవులనూ మేకలనే. అయినా పిల్లిని తీసుకెళ్లడానికి మొహమాటపడకండి. ఒడియా డాక్టరయితే ‘జాదు’ అంటే వెంటనే అర్థం చేసుకుంటారు. బుట్టకు గట్టి మూత ఉండాలి, లోపల పాత గుడ్డ పరవండి, తిరిగొచ్చాక ఆ గుడ్డను పారేయండి. ఇప్పటిదాకా ఏమేం రాశారో దాచకుండా చెప్పండి, ట్యూబు ఖాళీదైనా పట్టుకెళ్లండి.

అడగాల్సిన పరీక్షలు మూడు. ఒకటి, వుడ్స్ ల్యాంపు. చీకటి గదిలో ఆ నీలిరంగు దీపం కింద మైక్రోస్పోరమ్ కేనిస్ పట్టిన వెంట్రుక మొదళ్లు ఆపిల్ ఆకుపచ్చ రంగులో మెరుస్తాయి. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విలియమ్స్ వుడ్ 1903లో తయారుచేసిన దీపం ఇది, వెంట్రుకల్లో ఫంగస్ కోసం వాడటం 1925లో మొదలైంది. ఆన్‌లైన్‌లో దొంగనోట్లు చూసే టార్చి కొని ఇంట్లో వెలిగించి చూస్తున్నవాళ్లు ఉన్నారు. వాటిలో చాలావరకు 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగువి, కావాల్సింది 365 దగ్గరిది. పైగా పొలుసులు, దారపు నూగు, రాసిన మందు కూడా తెల్లగానో నీలంగానో మెరిసి మోసం చేస్తాయి. ఎలుకల నుంచి వచ్చే ట్రైకోఫైటాన్ అసలు మెరవదు. అంటే మెరవలేదు కాబట్టి తామర లేదని అనుకోకూడదు.

రెండు, నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోపు కింద చూడటం. మూడు, కల్చర్. కొత్త టూత్‌బ్రష్‌తో పిల్లి ఒళ్లంతా దువ్వి, ఆ వెంట్రుకలను ప్రత్యేకమైన పళ్లెంలో పెంచుతారు. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. మీ ఊళ్లో ఈ వసతి లేకపోతే భువనేశ్వర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. పర్లాకిమిడి, రాయగడ వైపు వాళ్లకు విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. మచ్చలు స్పష్టంగా ఉంటే కల్చర్ ఫలితం కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టమని డాక్టర్లు చెబుతారు, అదే మంచిది.

ఇవి మాత్రం రాయకండి

ఈ భాగం నిదానంగా చదవండి. పిల్లులు జబ్బుతో కంటే ఇంటి వైద్యంతో ఎక్కువ బాధపడటం చూస్తున్నాం.

మెడికల్ షాపులో తామరకని ఇచ్చే ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ వంటి పేర్లు ఉంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉంది. దురద, ఎరుపు రెండు రోజుల్లో తగ్గుతాయి, లోపల ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. మన దేశంలో మనుషులకు తామర ఇంత మొండిగా మారడానికి ఈ కలగలుపు ట్యూబులు ఒక పెద్ద కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పిల్లికీ అంతే. పైగా పిల్లి ఆ మందును నాకి మింగుతుంది.

కిరసనాయిలు, వాడేసిన ఇంజిన్ ఆయిలు, ఫినాయిలు, డెటాల్, టీ ట్రీ ఆయిల్, కర్పూరం కలిపిన నూనెలు, సాలిసిలిక్ యాసిడ్ ఉన్న తామర లోషన్లు. ఇవేవీ పిల్లి ఒంటికి తగలకూడదు. ఫినాల్ జాతి రసాయనాలను, సాలిసిలేట్లను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకు పనిచేసింది కదా అని పిల్లికి వాడితే ప్రాణమే పోవచ్చు. కుక్కలకు వాడే పెర్‌మెత్రిన్ గోమార్ల మందూ అంతే. ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ ముక్క వేయడం మరీ ఘోరం, ఒక్క మాత్ర చాలు చంపడానికి. పసుపు, వేపాకు రసం రాసినా, వెంట్రుక లోపలికి చేరిన ఫంగస్‌ను అవి చంపలేవు. వాటితో గడిపే వారాల్లో ఇల్లంతా అంటుతుంది.

పిల్లి ఏదైనా ఇలాంటిది ఒంటికి పూసుకుని వచ్చినా, మీరు రాసేసినా, గోరువెచ్చటి నీళ్లతో, పిల్లల సబ్బుతో కడిగి, నాకనివ్వకుండా తువ్వాలులో చుట్టి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఒంటికి మందు

మచ్చ మీద మాత్రమే రాస్తే చాలదు, బీజాలు ఒళ్లంతా ఉంటాయి. క్లోర్‌హెక్సిడిన్‌తో పాటు మికోనజోల్ లేదా కీటోకోనజోల్ ఉన్న పెంపుడు జంతువుల షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం చేయించాలి. పొడుగు బొచ్చయితే ముందు మొద్దు కొనలున్న కత్తెరతో జుట్టు పొట్టి చేయండి. మెషీన్ చర్మానికి ఆనించి గొరిగితే గాట్లు పడి జబ్బు ఇంకా పాకుతుంది. కత్తిరించిన జుట్టును కవరులో మూట కట్టి పారేయండి, ఊడ్చి పెరట్లోకి తోయకండి.

స్నానం పగటిపూట, తలుపులు మూసిన గదిలో, గోరువెచ్చటి నీళ్లతో. గోళ్లు ముందే కొద్దిగా కత్తిరించండి. టబ్బు అడుగున తడి తువ్వాలు వేస్తే కాలు జారదు, పిల్లి భయం సగం తగ్గుతుంది. ఒకరు పట్టుకోవాలి, ఒకరు రుద్దాలి. నురుగు చర్మానికి తాకేలా మెడ నుంచి తోక దాకా, వేళ్ల సందుల్లో కూడా పట్టించి 10 నిమిషాలు ఉంచాలి. అసలు కష్టం ఈ 10 నిమిషాలే. తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని మాట్లాడుతూ ఉండండి, చాలా పిల్లులు ఊరుకుంటాయి. ముఖానికి షాంపూ వద్దు, డాక్టరు ఇచ్చిన స్టెరాయిడ్ లేని క్రీము వేలితో రాసి, ఆరేదాకా మెడకు ప్లాస్టిక్ కాలరు పెట్టండి. బాగా కడిగి, పూర్తిగా తుడిచి వెచ్చగా ఉంచండి. కోరాపుట్, జయపురం వైపు చలికాలంలో కూనలకు తడి ఒళ్లు చాలా ప్రమాదం. మరీ చిన్న కూనలకు స్నానం అవసరమా కాదా డాక్టరును అడిగే చేయండి.

లోపలికి మందు

పిల్లి తామరకు డాక్టర్లు ఎక్కువగా నమ్మేది ఇట్రాకోనజోల్. మామూలుగా కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకోసారి, ఒక వారం ఇచ్చి ఒక వారం ఆపుతూ, మూడు విడతలు ఇస్తారు. మనుషుల క్యాప్సూల్ 100 మిల్లీగ్రాములది. మూడు కిలోల పిల్లికి కావాల్సింది 15. క్యాప్సూల్ విప్పి లోపలి గుండ్లను ఇంట్లో అంచనాగా పంచకండి, మోతాదు ఎంతెంత ఎలా ఇవ్వాలో డాక్టరు దగ్గరే చేయించుకుని నేర్చుకోండి. క్యాప్సూల్ మందును తిండితో కలిపి ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. టెర్బినాఫిన్ కూడా వాడతారు. గ్రిసియోఫల్విన్ చవక, ఇంకా కొన్నిచోట్ల రాస్తున్నారు. కానీ కడుపుతో ఉన్న పిల్లికి అది ఇస్తే పుట్టే కూనలకు అవకరాలు వస్తాయి, ఎఫ్ఐవి (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) ఉన్న పిల్లికి రక్తకణాలు పడిపోతాయి. మీ పిల్లి చూడిదేమో అన్న అనుమానం ఉన్నా డాక్టరుకు చెప్పి తీరాలి.

మందు వాడుతుండగా తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, చిగుళ్లో చెవి లోపలో పసుపుపచ్చగా మారినా మందు ఆపి అదే రోజు చూపించండి. కాలేయం దెబ్బతిన్న గుర్తులవి.

ఇల్లు

పిల్లిని ఒక గదిలో ఉంచండి. సిమెంటు నేలో, గచ్చు నేలో, టైల్సో ఉన్న గదయితే మంచిది. పేడతో అలికిన మట్టి నేలను బ్లీచ్‌తో కడగలేం కాబట్టి, అలాంటి ఇంట్లో ఒక మూల టార్పాలిన్ పరిచి దాన్ని కడుగుతూ ఉండండి. పరుపు, సోఫా, గోనె, అల్లిన నులకమంచం ఆ గదిలో వద్దు. అలాగని పిల్లిని జైలులో పెట్టినట్టు వదిలేయకండి, ముఖ్యంగా కూనలను. పుట్టాక మొదటి రెండు నెలల్లోనే మనుషుల చేతులకు అలవాటు పడతాయి. పాత చొక్కా, గ్లవ్స్ వేసుకుని రోజూ కాసేపు దగ్గర కూర్చోండి, బయటికి రాగానే ఆ చొక్కా మార్చి సబ్బుతో చేతులు కడుక్కోండి.

పొడి చీపురుతో ఊడవకండి, వెంట్రుకలు గాల్లోకి లేస్తాయి. తడిగుడ్డతో తుడవండి, గుడ్డల మీద అంటిన వెంట్రుకలను వెడల్పాటి టేపుతో లాగేయండి. వారానికి రెండుసార్లు, స్నానం చేయించిన రోజే, సబ్బు నీళ్లతో నేల బాగా కడిగి, తర్వాత లీటరు నీళ్లకు 30 మిల్లీలీటర్ల మామూలు ఇంటి బ్లీచ్ ద్రావణం కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచండి. మురికి ఉన్న నేల మీద బ్లీచ్ పోస్తే పనిచేయదు, ముందు కడగాల్సిందే. బ్లీచ్‌ను టాయిలెట్ యాసిడ్‌తోనో, ఫినాయిలుతోనో కలపవద్దు. పిల్లి మూత్రం ఉన్న చోట కూడా ముందు నీళ్లతో కడిగాకే పోయండి, లేకపోతే ఘాటైన విషవాయువు వస్తుంది. నేల ఆరేదాకా పిల్లిని ఇంకో చోట ఉంచండి. గుడ్డలు విడిగా రెండుసార్లు ఉతకాలి. ఎండలో ఆరేయడం మంచిదే కానీ ఎండ ఒక్కదాన్నే నమ్ముకోకండి. పాత దువ్వెన, వెదురు బుట్ట లాంటివి పారేయండి.

ఇంట్లో ఇంకా పిల్లులు, కుక్కలు ఉంటే మచ్చ లేకపోయినా అన్నిటినీ డాక్టరుకు చూపించండి.

మనుషులకు వస్తే

పసిపిల్లలు, మామ్మలు, తాతలు, షుగరు ఉన్నవాళ్లు, కీమో మందులు వాడుతున్నవాళ్లు పిల్లికి దూరంగా ఉండాలి. ఎవరికైనా ఎర్రటి చక్రం, నెత్తి మీద పొలుసుల మచ్చ కనిపిస్తే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లి ‘మా పిల్లికి తామర ఉంది’ అని మొదటి మాటగా చెప్పండి. పిల్లలకు నెత్తి మీద వస్తే పైపూత సరిపోదు, మాత్రలు పడతాయి. ఇంటిల్లిపాదీ ఒకే తువ్వాలు వాడే అలవాటును ఈ రెండు నెలలైనా పక్కన పెట్టండి.

ఎప్పుడు ఆపాలి

వెంట్రుకలు మొలిచాయని మందు ఆపడమే తిరిగి రావడానికి ముఖ్య కారణం. మచ్చలు పోయాక కూడా వెంట్రుకల మీద బీజాలు ఉంటాయి. కల్చర్ వసతి ఉంటే వారం రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి, రెండుసార్లూ ఏమీ మొలవకపోతే అప్పుడు నయమైనట్టు. లేకపోతే మచ్చలన్నీ పూర్తిగా పోయాక కూడా స్నానాలు మరికొన్ని వారాలు కొనసాగించి, డాక్టరు చూసి చెప్పాకే ఆపండి. మొత్తం ఆరు నుంచి పది వారాలు పడుతుందని ముందే మనసులో పెట్టుకుంటే మధ్యలో విసుగు రాదు.

ఆ తర్వాత ఇంటికి కొత్త పిల్లి వస్తే మూడు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెతో, వేరే దువ్వెనతో ఉంచండి. ఆ మూడు వారాలు పగటి వెలుగులో చెవులు, ముక్కు, కాళ్లు చూస్తూ ఉండండి. గోమార్లుంటే మందు వేయించండి, పొడుగు బొచ్చుదయితే కలపడానికి ముందు ఒకసారి వుడ్స్ ల్యాంపు కింద చూపించండి.